బెంగ అంటే ఒడియాలో కప్ప

మొన్న రాత్రి షాపు కట్టేసే టైముకి ఒక కుర్రాడొచ్చాడు. ఇరవై మూడో ఇరవై నాలుగో ఉంటాయి. సూరత్‌లో మగ్గాల దగ్గర పనిచేసి, పండక్కని వచ్చి మళ్ళీ వెళ్ళలేదంట. "అన్నా, నిద్ర బిళ్ళలు ఓ స్ట్రిప్పు ఇయ్యి" అన్నాడు. చీటీ ఉందా అన్నా. లేదన్నాడు. చీటీ లేకుండా ఇవ్వకూడదు తమ్ముడూ అన్నా. గొడవ పడలేదు, పక్క షాపుకీ పోలేదు, అక్కడే నిలబడిపోయి "మూడు వారాలైంది అన్నా నిద్ర లేక, గుండె దడదడలాడిపోతంది, ఇంట్లో చెప్తే నవ్వుతారు" అన్నాడు, అంతవరకు చెప్పి ఇంక గొంతు రాలేదు. స్టూలేసి కూర్చోబెట్టా.

ఆ రాత్రే ఇది రాయడం మొదలెట్టా. ఎందుకంటే కొన్నేళ్ళ కిందట అదే కౌంటర్ వెనకాల నేనూ అలాగే నిలబడ్డా. అతనికి చీటీ అడిగేవాడు ఒకడున్నాడు, నాకు అడిగేవాడు లేడు, తాళాలు నా దగ్గరే ఉన్నాయి.

మాది పర్లాకిమిడి. మందుల షాపు నాన్న పెట్టారు, నేను ఇంటర్ చదివే రోజుల్నుంచే కూర్చునేవాణ్ణి, తర్వాత ఫార్మసీ చదివి పూర్తిగా అందులోకే వచ్చేశా. ఊరు ఒడిశాలో ఉంది గానీ కాసేపు బండి తోలితే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, కౌంటర్ మీద ఒడియా తెలుగు కలగలుపు, కొండల మీద నుంచి సవర వాళ్ళొస్తే వాళ్ళతో వచ్చిన పిల్లాడు మాట అటూ ఇటూ మోస్తాడు. మూడు భాషల్లో జ్వరం, విరేచనాలు, తలనొప్పి అనే మాటలు నాకు నిద్రలో లేపినా వస్తాయి. మనసుకి సంబంధించిన మాటలు మాత్రం ఏ భాషలోనూ కౌంటర్ మీద వినబడవు. వినబడినా కడుపులో మంటనో, నరాల బలహీనతనో, ఒంట్లో నీరసమనో వేరే పేరుతో వస్తాయి. ఆ పేరు నమ్మి మేం బీ కాంప్లెక్స్ ఇచ్చి పంపించేస్తాం. నేనూ చాలామందిని అలా పంపించా.

2021 మే నెలలో నాన్న పోయారు, కరోనా సెకండ్ వేవ్. బరంపురంలో ఆసుపత్రిలో పెట్టాం, ఆరో రోజు పోయారు. ఆ ఆరు రోజులూ నేను రెమ్‌డెసివిర్ ఇంజెక్షన్ కోసం తెలిసిన ప్రతి డీలర్‌కీ ఫోన్ చేశా, బరంపురం, శ్రీకాకుళం, విశాఖ, ఆఖరికి కటక్‌లో ఒకాయనకి. దొరకలేదు. జీవితమంతా ఊరందరికీ మందులు అందించిన మనిషి, ఆయనకి కావాల్సొచ్చినప్పుడు కొడుకు చేతిలో మందు లేదు. ప్లాస్టిక్ సూట్లేసుకున్న నలుగురు తీసుకెళ్ళారు, నేను దూరంగా నిలబడి చూశా, మొహం చూడనివ్వలేదు. పదకొండో రోజుకి బంధువులు ఎవరూ రాలేకపోయారు, నలుగురం కూర్చుని అయిందనిపించాం. పన్నెండో రోజు షాపు తీశా. తీయకపోతే ఎలా, బయట జనం లైన్లో ఉన్నారు.

అందరూ "గట్టిగా నిలబడ్డావురా" అన్నారు. నేనూ అదే అనుకున్నా. ఏడవలేదు, ఏడవడానికి టైం లేదు. ఏడాది గడిచిపోయింది, సంవత్సరీకం పెట్టేశాం.

2022 జూలైలో ఒక సాయంత్రం, బాగా వాన, షాపులో ఎవరూ లేరు, కొత్తగా వచ్చిన స్టాకు అట్టపెట్టె కోస్తున్నా. ఉన్నట్టుండి గుండె గొంతులోకి వచ్చేసినట్టయింది. చేతివేళ్ళు తిమ్మిరెక్కాయి, మూతి చుట్టూ చీమలు పాకినట్టు జివ్వుమంది, ఎంత పీల్చినా గాలి చాల్లేదు, చెమటలు. అయిపోయింది, హార్ట్ ఎటాక్ అనుకున్నా. మందుల షాపువాణ్ణి కదా, చేతికందిన ఆస్పిరిన్ నమిలి, గుండె నొప్పికి వాడే సార్బిట్రేట్ బిళ్ళ నాలిక కింద పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయా. పక్క కిరాణా కొట్టాయన చూసి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. ఈసీజీ బాగుంది. మర్నాడు బరంపురం వెళ్ళి ఎకో, రక్త పరీక్షలు అన్నీ చేయించా, అవీ బాగున్నాయి. "గుండె శుభ్రంగా ఉందయ్యా, టెన్షన్ తగ్గించుకో" అని చెప్పి పంపించేశారు.

టెన్షన్ తగ్గించుకో అని చెప్పడం తేలికే. అది గ్యాస్ స్టవ్ నాబ్ కాదు కదా తిప్పి తగ్గించుకోడానికి. ఎలా తగ్గించుకోవాలి, ఎవరి దగ్గరికి వెళ్ళాలి అనే రెండో మాట ఎవరూ చెప్పలేదు, నాకు అడగాలనీ తోచలేదు.

తర్వాత నేను చేసిన పని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. గాబరాకీ నిద్రకీ వాడే ఆల్‌ప్రజోలామ్ బిళ్ళలు షెడ్యూల్ హెచ్1 అనే ప్రభుత్వ జాబితాలో ఉంటాయి, డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మిన ప్రతిదానికీ రాసిన డాక్టరు పేరు, పేషెంటు పేరు, ఎన్ని ఇచ్చాం అన్నది వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. ఆ రిజిస్టర్ మా షాపులో నాన్న చేతిరాతతో మొదలవుతుంది. ఆయన అంత శుద్ధంగా రాసిన చోట నేను చీటీ లేకుండా నాకు నేనే బిళ్ళ తీసుకున్నా. మొదట 0.25 మిల్లీగ్రాములది, రాత్రికొకటి. బ్రహ్మాండంగా నిద్ర పట్టింది. మూడు వారాలకి అది చాల్లేదు, 0.5 చేశా. తర్వాత పొద్దున్న కూడా ఒకటి. నవంబర్ వచ్చేసరికి జేబులో బిళ్ళ లేకపోతే గుమ్మం దాటలేని స్థితి. దీనికి అలవాటు పడతారని, ఒకే డోసు కొన్నాళ్ళకి పనిచెయ్యదని నేను చదువుకున్నా, పది మందికి చెప్పా. చదువుకున్నది నన్ను ఆపలేదు.

ఒకరోజు సిగ్గేసి మొత్తం ఒక్కసారే మానేశా. ఇది మాత్రం ఎవరూ చేయకండి, దణ్ణం పెట్టి చెప్తున్నా. రెండో రోజుకే చేతులు వణుకు, ముందుకన్నా రెట్టింపు గాబరా, రాత్రంతా కళ్ళు మూతపడలేదు. నా అదృష్టం అక్కడితో ఆగింది, ఇలా ఠపీమని ఆపేస్తే కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఆ బిళ్ళలు డాక్టర్ చూస్తుండగా కొంచెం కొంచెం తగ్గించుకుంటూ రావాలి. ఆ వణుకు చూసి మా ఆవిడ పట్టుకుంది. అరవలేదు. "రేపు బరంపురం బస్సెక్కుదాం, నేనూ వస్తా" అంది, అంతే.

సైకియాట్రిస్ట్ దగ్గర కూర్చోడానికి ఎంత భయపడ్డానో చెప్పలేను. మా వైపు చిన్నప్పట్నుంచి విన్న మాట ఒకటుంది, ఎవడైనా కొంచెం తేడాగా మాట్లాడితే "వీణ్ణి వాల్తేరు పంపించాల" అంటారు, విశాఖలో పెద్ద మానసిక వైద్యశాల ఉంది కాబట్టి. ఆ మాట ఎంతమందిని తలుపు దగ్గరే ఆపేసిందో. తీరా చూస్తే వరండాలో నాలాంటివాళ్ళే కూర్చున్నారు, ఒక టీచరమ్మ, ఒక బస్సు డ్రైవరు, పరీక్షలకి చదివే పిల్ల, వాళ్ళమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని. డాక్టరుగారు అంతా విన్నారు, తిట్టలేదు. వచ్చింది పానిక్ ఎటాక్ అన్నారు. బిళ్ళ ఎలా తగ్గించాలో వారం వారం కాగితం మీద రాసిచ్చారు, వేరే మందొకటి మొదలెట్టారు, అది అలవాటు చేసే రకం కాదు, కానీ పని మొదలెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ముందే ఆపెయ్యొద్దు అన్నారు. ఆపైన "మందు ఒక చెయ్యి, మాట ఇంకో చెయ్యి, కౌన్సెలింగ్‌కి కూడా వెళ్ళండి" అని అక్కడే ఒక మేడమ్ దగ్గరికి పంపారు.

ఇక్కడ చాలామందికి తికమక ఉంటుంది, నా షాపులోనే రోజూ చూస్తా. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టరు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, మాటతో, పద్ధతి ప్రకారం చేసే థెరపీతో వైద్యం చేస్తారు, వాళ్ళకి ఆర్‌సీఐ అని రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, అడిగి చూడొచ్చు, అడిగితే మంచివాళ్ళెవరూ ఏమీ అనుకోరు. కొందరికి ఒకరు చాలు, కొందరికి ఇద్దరూ కావాలి. నాకు ఇద్దరూ కావాల్సొచ్చింది.

మేడమ్ ఒడియా ఆవిడ. "మన ఖోలి కుహంతు" అంది, మనసు విప్పి చెప్పండి అని. నా ఒడియా బాగానే ఉంటుంది, పుట్టి పెరిగింది ఒడిశాలోనే, స్కూల్లో చదివా, రోజుకి వంద మందితో మాట్లాడతా. మొదలెట్టా. ఛాతీ దడ గురించి చెప్పా, నిద్ర గురించి చెప్పా, ఇవన్నీ షాపు మాటలే కాబట్టి గడగడా వచ్చేశాయి. నాన్న గురించి అడిగేసరికి ఆగిపోయా. చింత అన్నా, కాదు. దుఃఖం అన్నా, అదీ కాదు. భయమా అంది, కాదు. నాకు తెలిసిన ఒడియాలో వెతుక్కుని వెతుక్కుని ఆఖరికి నోట్లోంచి వచ్చేసింది, "బెంగ మేడమ్, బెంగ పెట్టుకున్నా."

ఆవిడ పెన్ను ఆపి నా వైపు చూసింది. "బెంగ?" అంది.

ఒడియాలో బెంగ అంటే కప్ప. నాకు తెలుసు, కానీ ఆ క్షణంలో గుర్తులేదు. చెప్పగానే ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకోబోయింది, నాకూ నవ్వొచ్చింది, ఇద్దరం నవ్వుతుండగానే నా నవ్వు ఎక్కడ విరిగిపోయిందో తెలీదు, ఏడుపైపోయింది. నాన్న పోయిన పంతొమ్మిది నెలలకి అదే మొదటిసారి. ఆవిడ ఏమీ అడగలేదు, నీళ్ళ గ్లాసు ఇటు జరిపి కూర్చుంది.

ఏడుపు తగ్గాక ఆవిడ అన్న మాట నేను మర్చిపోను. "మీరు ఒడియాలో నాకు జబ్బు చెప్తున్నారు. మీ నాన్నగారి గురించి మీరు మీ భాషలోనే మాట్లాడాలి. తెలుగు మాట్లాడే సైకాలజిస్ట్‌ని చూసిపెడతా." చూసిపెట్టింది కూడా, శ్రీకాకుళం వైపు ఆవిడ, వారానికోసారి వీడియో కాల్‌లో. తన దగ్గరికొచ్చిన మనిషిని ఇంకొకరి దగ్గరికి పంపడానికి మంచి మనసుండాలి.

ఒడియాలో ఆ మాట లేదని కాదు సుమా. నా ఒడియా ఫ్రెండ్‌కి తర్వాత చెప్తే "ఝురిబా అంటార్రా దాన్ని" అన్నాడు, దూరమైనవాళ్ళ కోసం లోపల్లోపల కుమిలిపోవడం. ఎంత మంచి మాట. కానీ నాకు అది రాదు, ఎందుకంటే ఒడియా నేను బడిలో, బజార్లో నేర్చుకున్నా. బెంగ అనేది మా అమ్మ నోట్లోంచి నేర్చుకున్నా, హాస్టల్లో వేసినప్పుడు "పిల్లడు బెంగెట్టుకున్నాడు, తీసుకొచ్చేద్దాం" అని నాన్నతో అన్నప్పుడు.

గిడుగు రామమూర్తి గారు మా పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేశారు. మామూలు మనుషులు మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు ఉండాలని పోరాడింది ఇక్కడుండే. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే చదువు చెప్పాలని ఆయన సవర నేర్చుకుని, వాచకాలు రాశారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి ఊరు అందులోకి వచ్చినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజని ప్రతి ఏడూ దండలేస్తాం. ఆయన చెప్పింది చదువు గురించి మాత్రమే అని ఇన్నాళ్ళూ అనుకున్నా. ఆ క్లినిక్ నుంచి బస్సులో తిరిగొస్తుంటే ఎందుకో ఆయనే గుర్తొచ్చారు. వాడుక భాష లేకపోతే పాఠమే కాదు, బాధ కూడా బయటికి రాదు. మా షాపుకొచ్చే సవర అమ్మలు కడుపు మీద చెయ్యేసి చూపించి ఊరుకుంటారే, వాళ్ళ కడుపులో నిజంగా ఏముందో నేను ఏనాడైనా అడిగానా అని ఆ బస్సులో చాలాసేపు అనుకున్నా.

తెలుగావిడతో మొదటి కాల్‌కి ఇంకా పది రోజులుండగా ఒక రాత్రి ఆ గాబరా మళ్ళీ వచ్చింది. బిళ్ళ తగ్గించిన వారం. టైం రెండున్నర. డాబా మీద నిలబడి 14416 కి కొట్టా. అది టెలి మానస్ నెంబరు, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలెట్టింది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వెనక ఉండి నడిపిస్తది, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, పైసా తీసుకోరు, ఇరవై భాషల్లో మాట్లాడే ఏర్పాటుంది. నేను తెలుగు కావాలన్నా. కాసేపటికి ఒకమ్మాయి గొంతు, "చెప్పండి అన్నయ్యా, వింటున్నా" అంది. అర్ధరాత్రి ఒడిశాలో డాబా మీద నిలబడ్డవాడికి ఆ అన్నయ్యా అన్న పిలుపు ఎలా ఉంటుందో చెప్పడం నా వల్ల కాదు.

ఆ అమ్మాయి సూటిగా అడిగింది, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని. అంత సూటిగా ఎవరూ అడగలేదు అంతకుముందు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని అందరూ భయపడతారు, అది నిజం కాదు, అడిగితే మనిషికి ఊపిరాడుతుంది. నిజం చెప్పా, చావాలని లేదు గానీ పొద్దున్న మెలకువ రాకపోతే బాగుణ్ణని కొన్నాళ్ళుగా అనిపిస్తోందని. దానికీ కంగారుపడలేదు. ఇంట్లో ఎవరున్నారు, ఇప్పుడు ఎక్కడ నిలబడ్డారు, కిందికి వెళ్ళి మీ ఆవిణ్ణి లేపగలరా అని ఒక్కొక్కటే అడిగింది. నేను మెట్లు దిగేదాకా లైన్లో ఉంది. రెండ్రోజుల తర్వాత వాళ్ళే తిరిగి ఫోన్ చేసి ఎలా ఉన్నారని కనుక్కున్నారు. అవసరమైతే అక్కడ్నుంచే డాక్టర్లకి కలుపుతారు.

ఇంక శ్రీకాకుళం మేడమ్. ప్రతి గురువారం మధ్యాహ్నం రెండింటికి, షాపులో జనం పల్చగా ఉండే టైం, వెనక గోడౌన్ గదిలో ఫోన్ మందుల పెట్టెకి ఆనించి మాట్లాడేవాణ్ణి. మొదటి నెలంతా నాకు జరిగింది ఏమిటో అర్థమయ్యేలా చెప్పింది. గాబరా పుట్టినప్పుడు ఒళ్ళు పరిగెత్తడానికి రెడీ అయిపోతుంది, ఊపిరి తొందరతొందరగా తీసేసరికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, వేళ్ళు తిమ్మిరెక్కడం, మూతి జివ్వుమనడం దాని వల్లే. ఇది నేను ఫిజియాలజీలో చదివిందే! కానీ నా మూతి దగ్గరికొచ్చేసరికి చావొచ్చింది అనుకున్నా. ఆ ఉప్పెన మామూలుగా పది నిమిషాల్లో శిఖరానికెళ్ళి దానంతటదే దిగుతుంది, దాంతో కుస్తీ పట్టొద్దు, ఊపిరి పీల్చేదానికన్నా వదిలేది పొడుగ్గా ఉండనివ్వు, "వచ్చావా, రా, కూర్చో, వెళ్ళేటప్పుడు వెళ్ళు" అనుకో అంది. ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు. మొదట నాకు నమ్మకం లేదు. ఆరో సారికో ఏడో సారికో నిజంగానే కూర్చుని వెళ్ళిపోయింది.

చిన్న నోటుబుక్కు పెట్టమంది, గాబరా వచ్చినప్పుడు నేనెక్కడ ఉన్నాను, ఏం ఆలోచన వచ్చింది, ఒంట్లో ఏమైంది అని మూడు గళ్ళు. నెల రాశాక చూస్తే వచ్చినవాటిలో సగానికి పైగా కొత్త స్టాకు పెట్టె తెరిచేటప్పుడో, ఎవరైనా ఫలానా మందు ఉందా అని అడిగి నేను లేదు అని చెప్పాల్సొచ్చినప్పుడో వచ్చాయి. "లేదు" అనే మాట. అప్పుడు ఆ గురువారం ఇద్దరం చాలాసేపు ఏం మాట్లాడలేదు.

రెమ్‌డెసివిర్ గురించి అప్పుడు మాట్లాడా. ఆసుపత్రిలో ఉన్నవాళ్ళకి ఆ మందు వాడొద్దని, ప్రాణం నిలబెడుతుందనడానికి ఆధారం లేదని డబ్ల్యూహెచ్ఓ 2020 నవంబర్లోనే చెప్పింది. నాన్న పోవడానికి ఆర్నెల్ల ముందే. నేను అది అప్పుడే చదివా, షాపులో ఇతరులకి చెప్పా కూడా. అయినా లోపల ఒకడు కూర్చుని రోజూ అంటాడు, నువ్వు తెచ్చుంటే బతికేవారు అని. మేడమ్ వాడితో వాదించమనలేదు. "వాడు ఎవరి గొంతుతో అంటున్నాడు?" అని అడిగింది. విని చూస్తే నా గొంతే. నాన్న గొంతు కాదు. నాన్న నన్ను ఏ రోజూ ఆ మాట అనుండేవారు కాదు.

ఆయనతో మాట్లాడమంది. గదిలో ఆయన కుర్చీ ఒకటుంది, పోయినప్పట్నుంచి దానిలో నేను కూర్చోలేదు, తుడుస్తా అంతే. దాని ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడమంది. సిగ్గేసింది, షట్టర్ దించేసి మాట్లాడా. ఇంజెక్షన్ గురించి మొదలెట్టి ఎక్కడికో వెళ్ళిపోయా, తిత్లీ తుఫాను రాత్రి దగ్గరికి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ రాత్రి నేనూ నాన్నా షాపులోనే ఉన్నాం, పైన రేకు లేచిపోతుంటే చప్పుడు, కరెంటు లేదు, నోట్లో టార్చి పెట్టుకుని కింద అరలో మందులన్నీ పైకెక్కించాం. తెల్లారాక చెట్లన్నీ పడిపోయి వీధి గుర్తుపట్టలేకుండా ఉంది. నాన్న తడిసిన పంచె పిండుకుంటూ "పోయినవి పోయాయిరా, ముందు ఇన్సులిన్ చల్లగా ఉంచే దారి చూడు" అన్నారు. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, ఐసు కోసం ఎక్కడెక్కడో తిరిగాం. ఇదంతా కుర్చీతో చెప్పా. చెప్తుండగా తెలిసింది, ఈ ఏడాదిన్నరలో నాన్న అంటే నాకు ఆ ఆసుపత్రి ఆరు రోజులే మిగిలాయి, మిగతా నలభై ఏళ్ళ నాన్న ఎటో పోయారు. ఆ రోజు కొంచెం తిరిగొచ్చారు.

తర్వాత్తర్వాత కుర్చీలో కూర్చోవడం మొదలెట్టా, మొదట రెండు నిమిషాలు, తర్వాత పది. పారిపోయేకొద్దీ భయం పెరుగుతుంది, కొంచెం కొంచెంగా దగ్గరికెళ్తే తగ్గుతుంది, ఆవిడ పద్ధతంతా ఇదే. మొత్తం పదహారు సెషన్లు. డాక్టరుగారి మందు తొమ్మిది నెలలు వాడి, ఆయన చెప్పినట్టే మెల్లగా ఆపా. ఇప్పటికీ అక్టోబర్లో గాలి గట్టిగా వేస్తే గుండె కొంచెం ఉలిక్కిపడుతుంది. ఉలిక్కిపడనీ.

ఇంట్లోవాళ్ళ సంగతి. మా బావ "పనీపాటా లేనోళ్ళకొచ్చే జబ్బులివి" అన్నాడు మొహం మీదే. బాధేసింది, ఇప్పటికీ వేస్తుంది. అమ్మ దిష్టి తీసింది, పాతపట్నం నీలమణి దుర్గమ్మ గుడికి తీసుకెళ్ళి బొట్టు పెట్టించింది. చాలామంది ఇలాంటివాటిని తీసిపారేస్తారు, నేను తీసిపారెయ్యలేను. ఆ రోజు అమ్మ నా చెయ్యి పట్టుకుని గుడి మెట్లెక్కింది, చిన్నప్పటి తర్వాత మళ్ళీ అప్పుడే. గుడికీ వెళ్ళండి, డాక్టరు దగ్గరికీ వెళ్ళండి, ఒకటి చేశాం కాబట్టి రెండోది అక్కర్లేదు అనుకోవద్దు.

మా వైపు వాళ్ళకి ఇంకో రెండు ముక్కలు. బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ విభాగం ఉంది, ప్రైవేటులో అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు అక్కడ చూపించుకోవచ్చు. మీ సంగతి ఊళ్ళో తెలిసిపోతుందని భయపడకండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం మీ వివరాలు గోప్యంగా ఉంచాలి, అది మీ హక్కు. అదే చట్టం ఇన్సూరెన్స్ కంపెనీలు మిగతా జబ్బుల్లాగే మానసిక జబ్బులకీ కవరేజీ ఇవ్వాలని చెప్తుంది, మీ పాలసీ కాగితాలు తీసి చూడండి. మొదటిసారి కూర్చున్న కౌన్సెలర్‌తో కుదరకపోతే కౌన్సెలింగే పనికిరాదని మానెయ్యకండి, ఇంకొకర్ని అడగండి, భాష కుదరకపోతే భాష కుదరట్లేదని చెప్పండి.

ఆ సూరత్ కుర్రాడు నిన్న మళ్ళీ వచ్చాడు. ఆ 14416 నెంబరుకి ఫోన్ చేశాడంట, ఒడియాలో మాట్లాడాడంట, పదిహేను నిమిషాలు. సోమవారం బరంపురం వెళ్తానన్నాడు, తోడు ఎవరూ లేరంటే పొద్దున్న మొదటి బస్సుకి నేనొస్తా అన్నా.

ఇది రాస్తుంటే అమ్మ వెనక నుంచి చూసింది. అమ్మకి చదువు రాదు, ఏం రాస్తన్నావురా అంది. చదివి వినిపించా, మొత్తం, బిళ్ళల సంగతి కూడా, అది అమ్మకీ ఇప్పటిదాకా తెలీదు. కుర్చీ దగ్గరికి వచ్చేసరికి అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెలు సర్దిన చప్పుడు చాలాసేపు వినబడింది. తర్వాత గుమ్మం దగ్గరికొచ్చి నిలబడి, కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ అంది, "ఆ ఫోన్లో తెలుగోళ్ళుంటారన్నావు కదా. ఓసారి నాకూ కలుపు."

కలిపి చేతికిచ్చా. అవతల గొంతు వినబడగానే అమ్మ నా వైపు చూసి, చేత్తో వెళ్ళు వెళ్ళు అని సైగ చేసి, తలుపు దగ్గరగా వేసేసుకుంది.